పందొమ్మిది శాతం చుట్టరికం

ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎదురుగా ఉంటే సారు, పక్కకి తిరిగితే పచ్చసిరా. ఆ అట్టపెట్టెల కంపెనీ లెక్కలన్నిటికీ ఇరవై రెండేళ్ళుగా అతనే పెద్ద. తను చూసిన ప్రతి కాగితం మీదా కింద కుడివైపు మూలన ఆకుపచ్చ సిరాతో ఒక టిక్కు పెట్టేవాడు. లోకమంతా నీలమో నలుపో వాడుతుంది కాబట్టి తన టిక్కుని ఎవడూ దొంగిలించలేడని ధీమా. సిరా బుడ్డి సొంత డబ్బుతో కొనుక్కునేవాడు, పెన్ను ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అంత జాగ్రత్తపరుడు మరి. ఆ జాగ్రత్తే చివరికి అతని పరువు తీసింది.

కొత్తగా చేరినవాళ్ళకి అతను తప్పకుండా చెప్పే పాఠం ఒకటుంది. మన కంపెనీ ఇంకో కంపెనీలో వాటాలు కొంటే వాటిని ఏ అరలో పెట్టాలన్నది ఆ పాఠం.

"ఇరవై శాతం లోపు కొన్నామనుకో, వాడు మనకి పక్కింటివాడు. వాడింట్లో పొయ్యి వెలిగినా వెలక్కపోయినా మన పుస్తకానికి పట్టదు. వాటా విలువ రాసుకుని ఊరుకుంటాం. ఇరవై నుంచి యాభై దాకా అయితే చుట్టం. వాడి లాభంలో మన వంతు, వాడి నష్టంలో మన వంతు, రెండూ వచ్చి మన పుస్తకంలో కూర్చుంటాయి. యాభై దాటిందా, ఇక వాడు మనింటివాడే. వాడి పుస్తకమంతా తెచ్చి మన పుస్తకంలో కలిపేయాలి."

ఇంతవరకూ గొంతు ఖంగుమనేది. ఆ తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ గొంతు తగ్గించేవాడు. "అంకెలు ఊరికే గుర్తు కోసం. అసలు చూడాల్సింది అక్కడ ఎవరి మాట నడుస్తోందని. మన మాటే నడుస్తుంటే పది శాతమైనా చుట్టమే."

ఈ చివరి ముక్కని గత మూడేళ్ళుగా మరీ గబగబా మింగేస్తున్నాడు. దానికి కారణం అతని బావ.

బావ అంటే సొంత అక్క మొగుడు. ముప్పై ఏళ్ళ కిందట ఒక చేతి మిషనుతో మొదలుపెట్టి, సీసాల మీదా డబ్బాల మీదా అంటించే లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సుని నిలబెట్టిన మనిషి. గట్టిగా మాట్లాడటం రాదు. ప్రెస్సులో పనిచేసే ఇరవై రెండు మందికీ ఎప్పుడో కొద్దికొద్దిగా వాటాలు ఇచ్చాడు, వాళ్ళూ దాచుకున్న డబ్బు తెచ్చి పెట్టారు. మూడేళ్ళ కిందట పెట్టుబడి చాలక అవస్థ పడుతుంటే పచ్చసిరాయే వెళ్ళి తన యజమానిని ఒప్పించాడు. యజమానిని అందరూ పెద్దాయన అంటారు.

పెద్దాయన పాతిక శాతం కొందామన్నాడు. "పాతిక వద్దండి, పందొమ్మిది చాలు," అన్నాడు పచ్చసిరా. "వాళ్ళకి నష్టమొచ్చినా మన పుస్తకంలోకి రాదు." పెద్దాయన అతని భుజం తట్టాడు. ఆ తట్టు తలుచుకుని అతను నెల రోజులు మురిసిపోయాడు.

కాగితం మీద పందొమ్మిది శాతమే. నోటిమాటగా మాత్రం ఇంకో ఏర్పాటు జరిగింది. ప్రతి సోమవారం మధ్యాహ్నం పచ్చసిరా ప్రెస్సుకి వెళ్ళి, బావ గది పక్కన ప్లైవుడ్డు చెక్కతో అడ్డుకట్టిన చిన్న గదిలో కూర్చుంటాడు. కొనబోయే కాగితం, అమ్మబోయే లేబులు రేటు, పెంచబోయే జీతం, అన్నీ ఫైల్లో అతని ముందుకి రావాలి. పచ్చ టిక్కు పడితే బావ సంతకం పెడతాడు. పడకపోతే పెట్టడు. మొదట్లో బావ చదివి పెట్టేవాడు. రెండు నెలలయ్యేసరికి టిక్కు ఉందో లేదో మాత్రం చూసి పెట్టడం మొదలుపెట్టాడు. "మా బావమరిది చూశాక ఇంక నేను చూసేదేముంది," అనేవాడు నవ్వుతూ.

లేబుళ్ళ రేటు తగ్గించింది పచ్చసిరా. పెద్దాయన చెప్పాడు, ఇతను తగ్గించాడు. ఎనిమిది రంగుల మిషను కొనిపించిందీ అలాగే. దాన్ని అమ్మేవాడు పెద్దాయన స్నేహితుడు.

"నాకు నాలుగు రంగులే ఎక్కువరా," అన్నాడు బావ ఆ రోజు. "ఈ ఏనుగుని తెచ్చి ఏం పెట్టి మేపను?"

"పెద్దాయన అన్నీ చూసే చెప్పారు బావా. కొనండి."

టిక్కు పడింది. సంతకం పడింది. ఏనుగు వచ్చి ప్రెస్సులో సగం చోటు ఆక్రమించింది. వారంలో రెండు రోజులు కూడా దానికి పని లేదు, కిస్తీలు మాత్రం నెల నెలా కట్టాల్సిందే. రెండేళ్ళలో ప్రెస్సు అప్పుల్లో కూరుకుపోయింది, జీతాలు పదో తారీకు దాటి పదిహేనుకి వెళ్ళాయి.

ఒక సోమవారం ప్లైవుడ్డు గదిలో ఫైలు చూస్తుండగా అవతల గొడవ మొదలైంది. కత్తిరింపు మిషను మీద పాతికేళ్ళుగా పనిచేస్తున్న పెద్దావిడ గొంతు అది. ఆమెని అందరూ కటింగు పిన్ని అంటారు.

"ఎవరు కొనమన్నారయ్యా నిన్ను ఈ ఏనుగుని? మా డబ్బు కూడా ఉంది కదా ఇందులో? బుర్ర ఉండే కొన్నావా?"

"నేనే కొన్నాను పిన్నీ. తప్పు నాదే," అన్నాడు బావ.

"తప్పు నాదే అంటే సరిపోయిందా? నా కూతురి కాలేజీ ఫీజు నీ తప్పు కడుతుందా?"

మిగతావాళ్ళు కూడా తలో మాట అన్నారు. బావ ఎక్కడా బావమరిది పేరు ఎత్తలేదు. పచ్చసిరా చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. లేచి నాలుగడుగులు వేసి, కొనమన్నది నేను అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. ఒళ్ళు కదలలేదు. గొంతులన్నీ సద్దుమణిగేదాకా కుక్కిన పేనులా కూర్చున్నాడు. తర్వాత ముందున్న బిల్లు మీద టిక్కు పెట్టి వెనక గేటులోంచి వెళ్ళిపోయాడు. స్కూటరు తాళం తిప్పుతుంటే సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. కానీ చూసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి గురువారానికల్లా ఆ సిగ్గు సర్దుకుంది.

ఆ ఏడాది ఆడిట్‌కి వచ్చిన అమ్మాయి అయిదేళ్ళ కిందట అదే ఆఫీసులో మూడు నెలలు పని నేర్చుకుని వెళ్ళిన పిల్లే. అతని పాఠం విన్న పిల్ల. పుస్తకం తిరగేస్తూ ఒకచోట ఆగింది.

"సార్, ఈ లేబుళ్ళ ప్రెస్సుని మామూలు వాటాల కింద రాశారు."

"పందొమ్మిది శాతమేనమ్మా."

"పందొమ్మిదే సార్. కానీ వాళ్ళ సరుకులో ముప్పాతిక ఈ కంపెనీకే వస్తోంది. రేటు ఎవరు పెడుతున్నారు?"

"బేరమాడుకుంటాం."

"వాళ్ళ లెక్కల్లో ఉన్న ఆ పెద్ద మిషను?"

"అది వాళ్ళిష్టం."

ఆమె అనుమానంగా చూడలేదు. అదే అతనికి ఇబ్బందిగా ఉంది. "అయితే ఆ మాటే ప్రెస్సు ఆయన దగ్గర్నుంచి ఒక ఉత్తరం ఇప్పించండి సార్. ఫైల్లో పెట్టుకుంటాను," అంది.

ఈ సంగతి చెబితే పెద్దాయన చిరాకు పడలేదు. పేపరు మడుస్తూ తాపీగా మాట్లాడాడు. "ఈ ఏడు మనకి బ్యాంకు అప్పు కావాలి. ప్రెస్సు నష్టం మన పుస్తకంలో కనిపించకూడదు. పందొమ్మిది అన్నది నువ్వే కదయ్యా, నువ్వే దాటించు. మిషను కూడా ఆయనే చూసుకుని, ఆయనే కొన్నాడని రాయించు. శనివారం వాళ్ళ వాటాదారుల మీటింగు ఉంది కదా, అక్కడ కూడా పనికొస్తుంది. ఆయన్ని దింపేసి మనవాణ్ణి ఎవరినైనా కూర్చోబెడదాం. ప్రెస్సు బతకాలి కదా."

అర్థం కానట్టు నటించడానికి కూడా వీల్లేకుండా అర్థమైంది. ఆ కాగితం మీద బావ సంతకం పడితే, ప్రెస్సుని ముంచిన తెలివితక్కువవాడు బావ అని బావే రాసిచ్చినట్టు. ముప్పై ఏళ్ళు పెంచిన ప్రెస్సులోంచి శనివారం పదిగంటలకి ఆయన్ని బయటికి పంపేస్తారు. రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. "సరేనండి," అన్నాడు.

బుధవారం సాయంత్రం అయిదింటికి అక్క ఇంటికి వెళ్ళాడు. అక్క తలుపు తీసి, "ఏంట్రా, ఉన్నట్టుండి వచ్చావు? మొహం అలా పీక్కుపోయిందేం?" అంటూ లోపలికి రమ్మంది. బావ కిటికీ దగ్గర కూర్చుని భూతద్దంతో ఒక లేబులు షీటు చూస్తున్నాడు. అక్క టీ తెచ్చి పెట్టింది.

"శనివారం నువ్వు కూడా ఉంటావు కదరా?" అంది అక్క. "మీ బావ నోరు విప్పరు. అందరూ తలో రాయి వేస్తారు. నువ్వు చదువుకున్నవాడివి, నాలుగు మాటలు చెప్పు. తాగరా, చల్లారిపోతుంది."

"చూస్తానక్కా," అని కాగితం తీసి బావ ముందు పెట్టాడు. "ఆడిట్ కోసం బావా. మామూలు కాగితమే."

ఆ మామూలు కాగితంలో ఉన్నది ఇది. ప్రెస్సు నిర్వహణలో నిర్ణయాలన్నీ నేనే స్వయంగా తీసుకుంటున్నాను. వాటాలు కొన్న కంపెనీకి గానీ, దాని ఉద్యోగులకు గానీ వీటిలో ఎలాంటి ప్రమేయమూ లేదు. ఎనిమిది రంగుల మిషను కొనుగోలు పూర్తిగా నా నిర్ణయమే.

బావ కాగితం అందుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. పచ్చసిరా ఆ సమయమంతా టీ కప్పు మీద ఉన్న పువ్వుల బొమ్మ చూస్తూ కూర్చున్నాడు. బావ మొహం చూసే ధైర్యం లేదు.

"నీ టిక్కు లేదేం?" అన్నాడు బావ, కాగితం అతని వైపు జరుపుతూ.

చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. మూత తీసింది. కింద కుడివైపు మూలన పచ్చ టిక్కు పెట్టి కాగితం వెనక్కి జరిపింది. మూడేళ్ళలో కొన్ని వందలసార్లు చేసిన పని, ఊపిరి పీల్చినంత సులువుగా జరిగిపోయింది. బావ ఆ టిక్కు వంక చూశాడు, అతని వంక చూశాడు, సంతకం పెట్టాడు. పచ్చసిరా కాగితాన్ని మూడు మడతలు పెట్టి జేబులో వేసుకుని, సగం టీ అలాగే వదిలేసి లేచాడు.

మర్నాడు పొద్దున ఆడిటరమ్మాయి ఆ ఉత్తరాన్ని బల్ల మీద పరిచి చదివింది. చదవడం అయిపోయాక వేలు తీసుకెళ్ళి కింద మూలన ఆనించింది.

"సార్, ఇది మీ టిక్కే కదా?"

అప్పుడు చూశాడు. ఎవరి ప్రమేయమూ లేదని రాసిచ్చిన కాగితం మీద నిగనిగలాడుతూ తన ప్రమేయం కూర్చుని ఉంది. తల కొట్టేసినట్టయింది. చదివి చూశానని గుర్తుగా పెట్టానమ్మా అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. ఆ పిల్ల నమ్మేది కూడా.

"సంతకం నీలం గీత మీ పచ్చ గీత మీదుగా పోయింది," అందామె నెమ్మదిగా. "అంటే ముందు మీరు టిక్కు పెట్టారు, తర్వాత ఆయన సంతకం పెట్టారు. ఎందుకలా సార్?"

"టిక్కు లేకపోతే ఆయన సంతకం పెట్టరమ్మా," అన్నాడు.

అనేశాక గానీ ఏమన్నాడో తెలియలేదు. దొరికారన్నట్టు చూస్తుందేమో అనుకున్నాడు. ఆమె తల దించుకుని ఉత్తరం అంచులు సరిచేస్తూ కూర్చుంది. తన బదులు ఆ పిల్ల సిగ్గుపడుతోందని అర్థమయ్యాక అతని చెవులు కాలిపోయాయి. తిట్టినా బాగుండేది.

"ఎవరి మాట నడుస్తోందో చూడమన్నారు సార్ మీరు," అంది చివరికి. "నాకింకా గుర్తుంది."

అతను లేచి బీరువా తెరిచాడు. మూడేళ్ళ సోమవారాల కాగితాల నకళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, తారీకుల వారీగా, దారంతో కట్టి. జాగ్రత్తపరుడు కదా. నాలుగు కట్టలూ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇవి కూడా చూడమ్మా. మిషను కాగితం రెండో కట్టలో ఉంది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం పెద్దాయన పిలిపించాడు. "ఒక్క కాగితం సరిగ్గా తేలేకపోయావు," అని, సోమవారం నుంచి ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ మాటకి అర్థం ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం ప్రెస్సుకి వెళ్ళేటప్పుడు, చెప్పకేం, అతని మనసు కాస్త తేలికగానే ఉంది. ఉద్యోగం పోగొట్టుకుని మరీ నిజం చెప్పాడు. బావ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడేమోనని కూడా దారిలో అనుకున్నాడు. మనిషి ఆశకి అంతుండదు.

బావ అంతా విన్నాడు. గుడ్డతో చేతికంటిన రంగు తుడుచుకున్నాడు.

"ఆ కాగితం నేను చదివానురా," అన్నాడు. "మూడేళ్ళలో నువ్వు తెచ్చిన కాగితాల్లో మొదటినుంచి చివరిదాకా చదివింది అదొక్కటే. మామూలు కాగితమే అన్నావు కదా, నువ్వెప్పుడూ అలా అనవు. అందుకని చదివాను."

"మరి టిక్కు ఎందుకు అడిగారు బావా?"

"పెట్టవేమో అనుకున్నాను. అది పెట్టాలంటే ఒకసారి కాగితం వంక చూడాలి కదా. చూస్తే ఆగుతావనుకున్నాను."

"అలవాటు మీద పెట్టేశాను."

"తెలుసు. నేనూ మూడేళ్ళు అలవాటు మీదే సంతకాలు పెట్టాను. అందుకే నిన్ను తిట్టడానికి నాకు నోరు రావట్లేదు."

"చదివి కూడా సంతకం ఎందుకు పెట్టారు?"

"నువ్వే పెట్టాక ఇంక నేనెందుకు ఆగుతానురా," అన్నాడు బావ. కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషి అన్నట్టు అన్నాడు. గుడ్డ పక్కన పెట్టి, "ఇప్పుడు నాకు చెప్పావు, నాకు చాలు. వాళ్ళకి చాలదు. రేపు పదింటికి రా," అని మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

పచ్చసిరాకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఉద్యోగం పోయిందన్న దిగులు ఆ మూలకి కూడా రాలేదు. టీ కప్పు మీద పువ్వుల బొమ్మే కళ్ళ ముందు ఆడింది.

శనివారం మీటింగు మిషన్ల మధ్యే జరిగింది. కొందరు స్టూళ్ళ మీద, కొందరు కాగితం చుట్టల మీద కూర్చున్నారు. దుప్పటి కప్పిన ఏనుగు వాళ్ళ వెనక నిలబడి ఉంది. పచ్చసిరా లేచి చెప్పాడు. రేట్లు తగ్గించింది తనేనని, మిషను కొనిపించింది తనూ పెద్దాయనేనని, బావ వద్దన్నాడని, బయటికి మాత్రం మాకు ఏ సంబంధమూ లేదని చెప్పుకునే వీలుండాలని పందొమ్మిది శాతం దగ్గర ఆపింది కూడా తనేనని, వరసగా చెప్పాడు. ఇకమీదట ఈ ప్రెస్సు నష్టంలో పెద్దాయన కంపెనీ వంతు వాళ్ళ పుస్తకంలోకి ఎక్కుతుందని, ఇదంతా బావ తప్పేనని తప్పించుకోలేరని చెప్పాడు.

అప్పుడు కటింగు పిన్ని అడిగింది. "మరి ఆ రోజు నేను మీ బావని పట్టుకుని అందరి ముందూ నానా మాటలూ అన్నాను. బుర్ర లేదన్నాను. అప్పుడు మీరెక్కడ ఉన్నారు బాబూ? ఆఫీసులోనా?"

ఆఫీసులో అనేస్తే సరిపోయేది. బావ కూడా కాదనేవాడు కాదు. పచ్చసిరా ప్లైవుడ్డు చెక్క వైపు చెయ్యి చూపించాడు.

"ఆ గదిలోనే ఉన్నానండి."

"విన్నారా?"

"అంతా విన్నాను."

పిన్ని స్టూలు ఈడ్చుకుని బావ వైపు తిరిగి కూర్చుంది, అతనికి ఆమె వీపు మాత్రమే కనబడింది. "చెప్పయ్యా, ఈ ఏనుగుని ఎవరికి అమ్ముదాం? ఎంతొచ్చినా సరే," అంది బావతో. మిగతావాళ్ళు కూడా స్టూళ్ళు అటు జరుపుకున్నారు. బావని దింపే మాట ఎవరూ ఎత్తలేదు. పచ్చసిరా కూర్చోవాలో వెళ్ళిపోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయాడు.

గుమ్మం వైపు చూస్తే అక్క నిలబడి ఉంది, చేతుల్లో టీ కప్పుల పళ్ళెంతో. ఎప్పుడొచ్చిందో ఏమో. అక్క ఒక్కొక్కళ్ళకీ టీ ఇచ్చుకుంటూ వచ్చింది, చివరికి అతనికీ ఇచ్చింది. ఊహ తెలిసినప్పటినుంచీ అతని చేతికి ఏది ఇచ్చినా, తాగరా, తినరా, చల్లారిపోతుంది అని ఏదో ఒకటి అనే మనిషి. ఈసారి అతని మొహం చూడకుండా ఖాళీ పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.